నాలుగింతల విమానం

1993 మార్చి 7, ఆదివారం

తమ్ముడు లయల్ ఈరోజు విమానానికి రంగు వేయడం ముగించాడు. ఆరేళ్లుగా పాత కోళ్ల షెడ్డులో కడుతున్నాడు. ముందు చేసిన, రేడియోతో ఎగరేసే చిన్న మోడల్‌కు అచ్చంగా నాలుగింతలు. మోడల్ బార్లీ చేనులో ఎంత నింపాదిగా దిగుతుందంటే, ఎదురుగాలి ఉన్న రోజు పరిగెత్తి పట్టుకోవచ్చు. పెద్దదాన్నీ అక్కడే దింపుతాడట. చేను రెండు వందల యాభై మీటర్లు. చివర యూకలిప్టస్ చెట్లు.

మార్చి 9

లెక్క వేశాను. ముప్పై ఏళ్లు స్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, ఆరేళ్లు షెడ్డుకు టీ మోస్తూ ఇది చూడలేదు. పొడవు నాలుగింతలైతే రెక్కల వైశాల్యం పదహారింతలు. బరువు అరవై నాలుగింతలు. అంటే ప్రతి చదరపు మీటరు రెక్క మీద నాలుగింతల బరువు. అది గాలిలో నిలవాలంటే వేగం రెండింతలు కావాలి. నేల తాకాక ఆగడానికి నాలుగింతల దూరం. మోడల్‌కు ఎనభై మీటర్లు కావాలి, అంటే దీనికి ఈ చేను చాలదు.

మార్చి 10

చెప్పాను. మాంసం కూరిన పాస్టీ తింటూ విన్నాడు.

"టీచరమ్మా, గాలికి నీ లెక్కలు రావు."

జెట్టీ దగ్గర పెలికాన్ నీళ్ల మీద ఎంతసేపు పరిగెడితే లేస్తుందో గుర్తు చేశాను. పిచ్చుకకు ఆ అవస్థ లేదు కదా అన్నాను. ఊళ్లో ఎయిర్‌స్ట్రిప్ ఉంది, కిలోమీటరు పైనే, అక్కడికి తీసుకెళ్దామన్నాను. ముఖం ఎర్రబడింది. అక్కడి ఫ్లయింగ్ క్లబ్బువాళ్లు ఆరేళ్లుగా వీణ్ణి కోళ్ల కెప్టెన్ అంటున్నారు. వాళ్ల ముందు ఎగరడట.

మార్చి 12

మోడల్ బరువు ఐదు కిలోలు. ఇంకో ఐదు కిలోల సీసం కట్టి ఎగరేయమన్నాను. నా నోరు మూయించడానికే ఒప్పుకున్నాడు.

మార్చి 13, శనివారం

చాలా దూరం పరిగెత్తాక లేచింది. మలుపులో రెక్క వంచుతూనే జారబోయింది. లయల్ రెండుసార్లు దింపబోయి మళ్లీ లేపాడు. మూడోసారి నేల తాకింది కానీ ఆగలేదు. నేరుగా కంచెలోకి పోయింది. ఎడమ రెక్క మొదలంటా విరిగింది.

బరువు రెండింతలే చేశామని, అసలు విమానంలో రెక్క మీద పడేది దీనికి ఇంకా రెట్టింపని నేను చెప్పలేదు. వాడికి తెలుసు. ముక్కలు ఏరుకుని వెళ్లాడు.

మార్చి 16

టీని షెడ్డు గుమ్మంలో పెట్టి వస్తున్నాను. కప్పు ఖాళీగా తిరిగొస్తోంది.

మార్చి 19

పొద్దున్నే నా కిటికీ తట్టాడు.

"రెక్కలు విప్పి ట్రైలర్ మీద కట్టాలి. అటువైపు పట్టుకో."

ఎక్కడికని అడగలేదు. పట్టుకున్నాను.

మార్చి 28, ఆదివారం

ఊరి స్ట్రిప్. పొద్దున ఏడు. క్లబ్బువాళ్లు నలుగురు వచ్చారు. పది నిమిషాలు ఎగిరాడు. గంటకు ఎనభై కిలోమీటర్లతో నేల తాకాడు. తాకినచోటి నుంచి ఆగినచోటికి అడుగులతో కొలిచాను. మూడు వందల పది మీటర్లు. ఒకతను టోపీ తీశాడు.

ఇంజన్ ఆగాక లయల్ చాలాసేపు సీట్లోంచి లేవలేదు. నేను రెక్క మీద చెయ్యి వేసి నిలబడ్డాను.