మంచం పక్కన ఉండవలసిన చెక్కలు

మేడ్చల్ దగ్గర గౌడవెల్లిలో అద్దెకుంటున్న సూత్రధర్ దుర్గాబాయి అనే నేను, యాభై మూడేళ్ల వయసులో, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకుంటున్న వీలునామా. తెలివి బాగానే ఉంది, ఒళ్లే బాగాలేదు. వచ్చే సోమవారం కడుపులో గడ్డకు ఆపరేషన్. లేచి వస్తానని డాక్టర్లు మాటివ్వలేదు.

1. నా భర్త సుబిమల్ సూత్రధర్ బెంగాల్ మనిషి. శామీర్‌పేటలో బడిపిల్లలకు బొమ్మలు గీయడం నేర్పడానికి వచ్చి, ఇక్కడి పల్లెలను చెక్కల మీద చెక్కి, సిరా పూసి కాగితం మీద అచ్చులు తీశారు. నిరుడు పక్షవాతంతో మాట, కుడిచెయ్యి పోయాయి. ఇప్పుడు ఎడమచేత్తో ఆ చెక్కలను తాకి అడుగుతారు. బావి దగ్గర బిందెను తాకితే దాహం. నులక మంచాన్ని తాకితే నిద్ర. మేకల మందను తాకితే టీ. చెక్కలు లేకపోతే ఆయన దాహం ఎవరికీ తెలియదు.

2. ఆరోగ్యంగా ఉన్నప్పుడే చెక్కలన్నీ నా పేర దానపత్రం రాశారు. ఇచ్చే హక్కు నాది.

3. మా బావగారు పరిమల్ మొన్న ఒక వ్యాపారిని వెంటబెట్టుకొచ్చారు. చెక్కలన్నిటికీ ఫొటోలు తీశారు. తమ్ముడి పక్కన కూర్చోలేదు. ఈయన్ను తీసుకెళ్తారా అంటే రైలుకు టైమైందన్నారు. అయినా నా భర్త తాకి అడిగే తొమ్మిది పోగా మిగిలిన చెక్కలు బావగారికే. వ్యాపారి లెక్క లేకుండా అచ్చులు తీయిస్తాడని, ఒక్కో చెక్కకు ఇన్ని అచ్చులే అని నా భర్త పెట్టుకున్న నియమం పోతుందని తెలిసే ఇస్తున్నాను. ఈయనకు మాట ఉంటే వద్దనేవారు. తొమ్మిదింటి జోలికి రానని బావగారు సంతకం చేశాకే అప్పగించాలి.

4. ఆ తొమ్మిది చెక్కలు, నా భర్త, కలిపి సూరారంలో ఉన్న నా తమ్ముడు ఎల్లేష్‌కు. ఒకటి తీసుకుని ఒకటి వదలడానికి వీల్లేదు. వ్యాపారి మనసంతా మేకల మంద చెక్క మీదే ఉంది. ఇవ్వొద్దు. ఎల్లేష్, నువ్వు సరే అనలేదు, కాదనీ అనలేదు. చట్టంలో దీనికి చోటుందో లేదో, నీ కాళ్లు పట్టుకుంటున్నాను.

5. మరదలు సుస్మిత, "మనిషిని తెచ్చుకుంటం గని వదినె, గా చెక్కలేడ పెట్టాలె? నా నెత్తి మీదనా?" అన్నది. తప్పు పట్టను, రెండే గదులు. కొలిచి చూశాను, మంచానికీ గోడకూ మధ్య నిలబెడితే పడతాయి. సుస్మితా, అంతకన్నా జాగా అడగను. నా మెడలోని బంగారు గుండ్ల పేరు, కుట్టుమిషను నీకు. అచ్చు దిగేలా కాగితం మీద నేను రుద్దిన ఇత్తడి గరిటె కూడా. బాగా తోమాను, పప్పుకు వాడుకో.

6. ఇవన్నీ జరిపించే బాధ్యత వెంకటనర్సయ్య సారుది. ఆయనా నా భర్తా ఒకే బడిలో పనిచేశారు. సారూ, నా తమ్ముడు కాదంటే ఏదైనా ఆశ్రమం చూడండి. కానీ చెక్కలను సామాన్ల గదిలో పెట్టనివ్వకండి.

7. ఏది తాకితే ఏమివ్వాలో ఎనిమిదింటి వెనక రాశాను. తొమ్మిదో దాని వెనక ఏమీ రాయలేదు. గడపలో కూర్చుని బియ్యం ఏరుతున్న ఆడమనిషి, అది నేనే. దాన్ని తాకితే నన్ను పిలుస్తున్నట్టు. ఇవ్వడానికి ఏమీ ఉండదు. ఆ పూట ఎవరో ఒకరు పని ఆపి పక్కన కూర్చోండి. ఆయన చెయ్యి తీసేదాకా లేవకండి.

గౌడవెల్లి, 12-11-2025
(సంతకం) సూత్రధర్ దుర్గాబాయి

ఆమె మా ఎదుట సంతకం చేసింది:
1. కుర్మయ్య, పక్కింటివారు
2. కామేశ్వరి, శామీర్‌పేట