కాకి ముట్టిన విస్తరి

బోధన్,
13-10-1969

బాపుకు,

నీ బిడ్డ రాధాబాయి కాళ్ళు మొక్కి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. ఈ ముక్క లేకపోతే ఉత్తరం ఉత్తరమే కాదని బడిలో నేర్పారు కాబట్టి రాశాను. ఎంతవరకు నిజమో చదివాక నువ్వే అనుకో. నీ దగ్గు ఎట్లా ఉంది? డాక్టరు చెప్పినట్టు పాలు తాగుతున్నావా, లేక ఆ పైసలతో కూడా చాయ్ తాగుతున్నావా? ఈ ఉత్తరం తుకారాం మామతో చదివించుకోకు. ఎంతసేపైనా సరే, కూడబలుక్కుని నువ్వే చదువు. చదివాక పొయ్యిలో పెట్టు.

నువ్వే రాసి, అంటించి పంపిన కవరు మొన్న అందింది. బొంబాయిలో మిల్లు మానేస్తున్నానని, దసరా తెల్లారి బండెక్కుతానని, మిగిలిన నాలుగు రోజులు అవ్వ చేతి బువ్వ తిని గంగ ఒడ్డున కన్ను మూస్తానని రాశావు. అవ్వకు చూపు ఆనుతున్నదా, పులుసు అట్లాగే వండుతున్నదా, దిబ్బ మీద సీతాఫలం చెట్లు ఉన్నాయా, నా సంగతి ఇంట్లో చెప్పావా అని అడిగావు. మొదటి మూడింటికీ జవాబు సులువు. ఆఖరి దానికోసమే ఈ ఉత్తరం. నువ్వు టికెట్టు తీసుకోకముందే ఇది నీ చేతికి అందాలని గంగమ్మకు మొక్కుకున్నాను.

వరుసగా చెబుతాను. రైలు బాసర దాటి వంతెన మీదికి రాగానే పెట్టెలో అందరూ కిటికీల దగ్గరికి ఎగబడి గోదారిలో పైసలు విసిరారు. నువ్విచ్చిన పావలా నేనూ విసిరాను. గంగ నిండుగా, ఎర్రగా ఉంది. నడుమ దిబ్బలు వీపులు మాత్రం తేలిన బర్రెల్లా కనిపించాయి. మన దిబ్బ ఏదో తెలియక అన్నిటికీ దండం పెట్టాను. పక్కన కూర్చున్న ముసలమ్మ నవ్వింది.

బోధన్‌లో నువ్వు చెప్పినట్టే చేశాను. తుకారాం మామ రాసిచ్చిన చీటీ లింబయ్య చిన్నాయనకు చూపించాను. తల్లిలేని పిల్ల, గంగపుత్రుల పిల్ల, తల్లివాళ్ళది ఈ దిక్కే కాబట్టి గంగను చూసిపోవాలని వస్తున్నది అని అందులో ఉంది. పాపం తుకారాం మామకు మాత్రం ఏం తెలుసు? ఆయనకు నువ్వు పోశెట్టివి. నీ అసలు పేరు రాజారాం అని, తమ్ముడితో కొట్లాడి ఇల్లు విడిచావని నాకైనా రైలెక్కించే ముందే కదా చెప్పావు. ముందు వాళ్ళ మనసు చూడు, నేను చెప్పేదాకా నా పేరెత్తకు అన్నావు.

చిన్నాయన పడవ ఎప్పుడో వదిలేశాడు. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు దించే పని. సీజన్ మొదలైతేనే కూలి. ఇప్పుడు పొగగొట్టం చల్లగా ఉంది కాబట్టి విమలమ్మ చిన్నమ్మ చుట్టే బీడీల మీదే ఇల్లు నడుస్తున్నది. వాడంతా చెరుకు మడ్డి వాసన. మొదటి రోజు ముక్కు మూసుకుని తిన్నాను. ఇప్పుడు అన్నంలో కూడా అదే వాసన వస్తున్నా తినేస్తున్నాను. అయినా నన్ను పస్తు పెట్టలేదు. జొన్నరొట్టె, పుంటికూర, మక్క గారెలు, పచ్చిపులుసు, రోజుకొకటి. బొంబాయిలో నువ్వు చెప్పే రుచులన్నీ గొప్పలనుకునేదాన్ని. కావు.

అవ్వకు చూపు బాగానే ఉంది. అంత బాగా లేకపోతేనే మంచిదని తర్వాత అనిపించింది. వచ్చిన మర్నాడే చేపల పులుసు పెట్టింది. చింతపండు, వేయించి దంచిన మెంతులు, చివరికి ఇంత పచ్చి ఉల్లిగడ్డ. అదే రుచి బాపూ. నువ్వు ఆదివారాల్లో వండేదే, కాకపోతే నీది నీళ్ళగా ఉంటుంది. రెండుసార్లు అడిగి వడ్డించుకుని తిన్నాను. మనకు అలవాటే కదా, పెద్ద ముల్లు అడ్డంగా, చిన్నవి దాని పక్కన దువ్వెన పళ్ళలా వరుసగా కంచం అంచున పెట్టుకున్నాను. తలెత్తి చూస్తే అవ్వ ముద్ద చేతిలో పట్టుకుని నా కంచం వైపే చూస్తున్నది. నా కంచం తనే ఎత్తుకుపోయి కడిగింది. చిన్నమ్మను ముట్టనివ్వలేదు.

ఆ తర్వాత పెత్రమాస వచ్చింది. చచ్చినవాళ్ళ పేరు మీద వండి విస్తరి పెట్టడం మనకు కొత్త కాదు, అమ్మకు నువ్వు మన చాల్ డాబా మీద పెట్టేవాడివి. ఇక్కడ మాత్రం మనవాళ్ళు పాత ఊరికి పోయి, పడవలో పెద్దదిబ్బకు దాటి అక్కడ పెడతారు. ఎందుకని నేను అడగలేదు. దిబ్బను చూడబోతున్నానన్న సంబరం తప్ప నా బుర్రలో ఏమీ లేదు. బస్సు, తర్వాత ఎడ్లబండి, తర్వాత దేవిదాస్ అనే అతని పడవ. చిన్నదిబ్బ నీళ్ళ కిందే ఉంది. ఎండాకాలం దాని మీద దోస, కర్బూజ పాదులు పెడతారట. పోచంపాడు కట్ట పూర్తయితే రెండు దిబ్బలూ మునుగుతాయని దేవిదాస్ అన్నాడు. సీతాఫలం చెట్లు ఉన్నాయి. కన్ను విచ్చిన కాయ ఒకటి కోసి ఇచ్చాడు. నీకోసం ఇంకొకటి దాచాను గాని అది నిన్ననే కుళ్ళిపోయింది.

గంగమ్మ రాయి ముందర మోదుగ విస్తళ్ళు వరుసగా పరిచారు. అన్నిటికన్నా ముందు ఒక పెద్ద విస్తరి. అందులో పులుసు, గారెలు, సీసాలో కల్లు. ఎవరిదని అడిగాను. గారెల గిన్నె పట్టుకున్న లింగవ్వ అనే పెద్దావిడ అవ్వ వైపు చూపిస్తూ చెప్పింది.

"మా రాజన్నది బిడ్డా. సత్తవ్వ పెద్ద కొడుకు. పడవ నడుపుతుండె. కలుపుకు వొయినోళ్లను తోల్కొస్తుంటే గంగ ఒక్కపారి పొంగింది, పడవ బోర్లపడ్డది. తొమ్మిది పానాలు. ఒడ్డు మీదికెళ్లి మావోళ్లు సూసిండ్రు, నా ఇద్దరు పిల్లలను రెండు సంకలల్ల వెట్టుకొని ఈదిండట. ఇడిసిపెడితే బతుకుతుండె. ఇడువలే. పిల్లలు దొరికిండ్రు, గాయిన దొరకలే. గందుకే ముందు ఆయనకు వెట్టినంకనే నా పిల్లలకు వెడ్త."

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. కానీ ఆమె గొప్ప చేసి చెప్పలేదు. ఇన్నేళ్ళుగా ఆ మాటను పట్టుకునే బతికింది. నేను అక్కడే ఇసుకలో కూర్చున్నాను. తమ్ముడితో కొట్లాట అన్నావు కదా బాపూ. చౌపాటీ సముద్రానికి తీసుకుపొమ్మని చిన్నప్పుడు ఎంత ఏడ్చినా ఒక్కసారి తీసుకుపోలేదు. బస్సు పైసలు లేకనే అనుకున్నాను.

అందరూ వెనక్కి జరిగి కాకుల కోసం నిలబడ్డారు. ఒక్కో విస్తరీ కాకి ముడుతుంటే వాళ్ళ వాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. అవ్వ మాత్రం చింతబరిగె పట్టుకుని నీ విస్తరి పక్కనే కూర్చుంది. కాకి దగ్గరికి వస్తే చాలు బరిగె ఆడిస్తున్నది. "ఏటేటా గింతే. కొడుకు బువ్వ మీద కాకిని వాలనియ్యది. ఇంకా వస్తడనే ఉంటది," అని చిన్నమ్మ నా చెవిలో చెప్పింది. ఈసారి కాసేపటికి అవ్వ బరిగె కింద పెట్టేసింది. కాకి వాలింది, గారె ముక్క ఎత్తుకుపోయింది. "ముట్టింది! రాజన్నది ముట్టింది!" అని లింగవ్వ అవ్వను కౌగిలించుకుని పెద్దగా ఏడ్చింది. చిన్నాయన ఇసుకలో బోర్లాపడి మొక్కాడు. అందరి మొహాల్లో ఏదో బరువు దిగినట్టు ఉంది. అవ్వ బరిగె ఎందుకు దించిందో నాకు తెలుసు. అది రాయడానికి చేయి రావడం లేదు, కొంచెం ఆగి రాస్తాను.

మర్నాడు చిన్నాయన బజారుకు, చిన్నమ్మ బీడీలు అప్పజెప్పడానికి పోయారు. అవ్వ ఎండుచేపలు ఏరుతూ నన్ను పక్కన కూర్చోమంది.

"పడవ మునిగిన మూడోనాడు దిబ్బ మీద మా గుడిసెకు వొయిన," అంది. "నేను వెట్టివొచ్చిన సద్దికుండ ఖాళీగున్నది. తడక కాడ చేప ముండ్లు. పెద్దది అడ్డం, చిన్నయి దువ్వెన లెక్క. గట్ల తినెటోడు నా కడుపుల ఒక్కడే పుట్టిండు. కొంగుతోని ఊడ్సి గంగల వారవోసిన. ఎవ్వలకు జెప్పలే, నా మొగనికి గూడ జెప్పలే. గిన్నేండ్లకు నువ్వొచ్చి నా కంచంల గదే వరుస వెట్టినవ్."

ఇక దాచేదేముంది? నీ ఊపిరితిత్తుల సంగతి, నువ్వు రావాలనుకుంటున్న సంగతి అంతా చెప్పాను. ఎక్కువ రోజులు ఉండడు అవ్వా, రమ్మంటవా అని కాళ్ళు పట్టుకున్నాను. ఆమె చేపలు ఏరుతూనే ఉంది.

"లింగవ్వకేం జెప్త?" అంది చివరికి. "నీ పిల్లలను గంగల ఇడిసిపెట్టి వీడు ఒడ్డెక్కి బువ్వ తిన్నడని జెప్పాల్నా? నిన్న నువ్వన్న మాటే కరెట్టు."

నేనన్న మాట ఇది బాపూ. విస్తళ్ళ దగ్గర లింగవ్వ నా చేతిలో గారె పెట్టి, "బొంబయిల మీ బాపు ఏం పని జేస్తడు బిడ్డా?" అని అడిగింది. అవ్వ చేతిలో బరిగె ఆగిపోయింది. నా మొహంలోకే చూస్తున్నది. నీ పేరు చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఎదురుగా ఆ పిల్లల విస్తళ్ళు రెండు ఉన్నాయి. "లేడు. సచ్చిపోయిండు," అన్నాను. అప్పుడే అవ్వ బరిగె కింద పెట్టింది. నిన్ను ఇంతకాలం బతికించుకున్నది ఆ ఒక్క బరిగె. నా నోటి మాటతో అది కూడా దిగిపోయింది. నన్ను తిట్టు, కొట్టు, పడతాను.

నీ మీద నాకు కోపం ఉంది. లేదని రాస్తే అబద్ధం. ఆ పిల్లలు చేయి జారారా, నువ్వే వదిలావా అని నేను అడగను. నాకు ఈత కూడా రాదు, నీళ్ళలో ఉన్నవాడికే తెలుస్తుంది. కానీ నువ్వు ఇక్కడికి రావద్దు. వస్తే లింగవ్వ పిల్లలు రెండోసారి మునుగుతారు. ఈసారి ఆమె కళ్ళముందే. చచ్చేముందు ఒక్కసారి తల్లిని చూడాలన్న ఆశ చిన్నది కాదు, నాకు తెలుసు. అది తీరదు. ఈ మాట రాస్తూ ఏడుస్తున్నాను, అక్షరాలు అందుకే అలుక్కుపోయాయి.

మిల్లుకు పోయి పేరు తీయొద్దని అడుగు. తుకారాం మామకు ఊళ్ళో మనవాళ్ళెవరూ మిగల్లేదట అని చెప్పు. నేను దసరా దాకా ఆగను, ఎల్లుండే బయలుదేరుతున్నాను.

అవ్వ ఎండుచేపలు పాత చీర పేలికలో మూటకట్టి నా చేతిలో పెట్టింది. "నా కొడుకు సచ్చిండు. నిన్న కాకి ముట్టింది. గీ చేపలు ఆ బతికినోనికి వెట్టు," అంది. గడప దాకా పోయి మళ్ళీ వెనక్కి వచ్చి, "ముండ్లు వరుసవెట్టద్దని జెప్పు. ఎవలన్న మనదిక్కోళ్లు సూస్తే తెలుస్తది," అంది.

పులుసు ఈసారి నేను వండుతాను, నీళ్ళగా కాకుండా, ఆమె చూపించినట్టు. తలుపు గడియ పెట్టి ఇద్దరం కూర్చుని తిందాం. మన గదిలో ముళ్ళు నీ ఇష్టమొచ్చినట్టు పెట్టుకో. చూసేది నేనొక్కదాన్నే.

ఇట్లు,
నీ బిడ్డ
రాధాబాయి