డబ్బా కింది చుక్క

ఫిషింగ్ హార్బర్, విశాఖపట్నం
ఫిబ్రవరి 16

బావా,

నువ్వూ, నీతో ఉన్న ఆరుగురూ ఒంట్లో బాగున్నారనుకుని రాస్తున్నాను. జైల్లోకి ఫోను కుదరదు గాని ఉత్తరం పంపవచ్చని మత్స్యశాఖ ఆఫీసులో చెప్పారు. ఆ జైల్లో విప్పి ఎవరిచేతనో చదివించుకున్నాకే నీకిస్తారట. ఇంటి సంగతులు తప్ప వేరేవి రాయవద్దన్నారు. అందుకని అవే రాస్తాను.

మా చెల్లి చిట్టెమ్మ జెట్టీలో చేపలు ఏరడానికి పోతోంది. మీ బోటును బంగ్లాదేశ్ వాళ్ళు పట్టుకున్నారని తెలిసిన నెలంతా ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు గంపల దగ్గర తగువు పెట్టుకుంటోంది. అంటే కొంత నయమనుకోవాలి. నేను వెళితే మాత్రం మంచినీళ్ళిచ్చి లోపలికి పోతుంది.

శ్రీసత్య తొమ్మిదో తరగతి పరీక్షలకు చదువుతోంది. ఈ నెలాఖరుకి స్కూల్లో సైన్సు డే. అంతరిక్షంలోకి మనుషులు ఎలా వెళ్ళారో మొదటి నుంచీ చూపిస్తూ ఒక చార్టు చేస్తోంది. నా కాలు వల లాగే వించి తాడులో నలిగిన దగ్గర్నుంచీ నాకు కూర్చునే పనులే కదా, బొమ్మలు కత్తిరించడం నాకు అప్పగించింది. రష్యా వాళ్ళు పంపిన బంతి లాంటిది మొదటిది. తరవాత కుక్క. ఆ కుక్కని తిరిగి దింపే ఏర్పాటు ముందే లేదట. తరవాత మనిషి, ఆ తరవాత చంద్రుడి మీద కాలు. మన దేశం నుంచి మొదటి రాకెట్ ఎగిరింది కేరళలో ఒక జాలరి ఊరి నుంచట. ఊరివాళ్ళు తమ ఇళ్ళూ చర్చీ ఖాళీ చేసి ఇచ్చారట. రాకెట్ ముక్కుని సైకిల్ మీద కట్టి తీసుకుపోతున్న ఫొటో ఉంది. అది చూసి చాలాసేపు నవ్వుకున్నాం.

చివర మన బోటు గీసింది. కేబిన్ మీద, బోటు ఎక్కడుందో చెప్పే ఆ తెల్ల పెట్టె, పెట్టె నుంచి పైన శాటిలైటుకి ఒక గీత, అక్కడి నుంచి కిందికి ఓనరు సూర్యకళమ్మ నాకిచ్చిన ఫోన్లోకి ఒక గీత. ఆ ఫోన్లో బోటున్న చోట చుక్క కూడా పెట్టింది.

మధ్యలో 2019లో చంద్రుడి మీద దిగబోయి పోయిన మన లాండరు ఉంది. ఇంకో రెండు కిలోమీటర్లుందనగా మాట ఆగిపోయింది. అంతమంది చదువుకున్నవాళ్ళు తెర ముందు కూర్చుని, గీత పక్కకి పోతుంటే చూస్తూ ఉండిపోయారట. ఆ బొమ్మ అంటిస్తూ నన్నడిగింది.

"నాన్న చుక్క ఆగిపోయినప్పుడు నువ్వు సూస్తన్నావా మావా?"

చూస్తున్నానన్నాను. "మరెందుకాగింది?" అంది. జిగురు అయిపోయిందని చెప్పి దుకాణానికి వెళ్ళాను.

కోర్టుకి బోటు ఎటు పోయిందో చూపే పెట్టె కాగితం కావాలని అడిగితే పంపాం. దాని గురించి ఇక్కడ రాయకూడదు. మిగతా ఆరుగురి ఇళ్ళలో అందరూ క్షేమం.

నీ బావ,
ఎల్లారావు


మార్చి 22

బావా,

ఈ ఉత్తరం ఆఫీసులో ఇవ్వడం లేదు. సూర్యకళమ్మ అల్లుడు ఉమాశంకర్ గారు లాయరుతో మాట్లాడడానికి అక్కడికి వస్తున్నారు. ఆయన జేబులో వస్తుంది. చదివి ఆయనకే తిరిగి ఇచ్చెయ్యి. ఇంకెవరికీ చూపించకు.

ఇంజను ఆగిపోయి, గాలికీ నీటికీ కొట్టుకుపోయి సరిహద్దు గీత దాటామని మీరు చెప్పారు. అది నిజమని పెట్టె కాగితంలో కనబడితే వదిలేస్తారని అక్కడి లాయరు మాట. కాగితం నేను చూశాను. కళింగపట్నం దాటి ఒక పూట దాకా చుక్కలున్నాయి. తరవాత ఆరు రోజులు ఏమీ లేదు. ఆ తరవాత మిమ్మల్ని పట్టుకున్న కబురు. ఆరు రోజులు ఎందుకు లేదో నీకు తెలుసు, నాకు తెలుసు. నూనె డబ్బా.

మొన్న ఆఫీసులో ఆఫీసరు హిమబిందు గారిని ఒక మాట అడిగాను. మన బోటు చుక్క వేరే బోట్లవాళ్ళు వాళ్ళ ఫోన్లలో చూడగలరా అని. ఆవిడ నా వైపు వింతగా చూసి, "మీ ఓనరు ఇచ్చిన ఫోనులో, మా ఆఫీసులో తప్ప ఎవరికీ కనబడదండీ. ఎవరు చెప్పారు మీకు?" అంది. ఎవరూ చెప్పలేదన్నాను. అది అబద్ధం. చెప్పింది నేనే.

నిరుడు నువ్వు కోనాం చేప దొరికే కొత్త చోటు కనిపెట్టావు. రెండో ట్రిప్పుకే అక్కడ నాలుగు బోట్లు వచ్చి నిలబడ్డాయి. ఎవడు చెప్పాడని నీ బోటులో పనిచేసే కళాసీలు జెట్టీలో రంకెలేశారు. పెట్టె చెప్పిందన్నాను నేను. పైన శాటిలైటు అందరిదీ కదా, నీ చుక్క అందరికీ కనబడుతుందన్నాను. నువ్వు సరేనన్నావు. పదిహేను లీటర్ల నూనె డబ్బా మూత కోసి, వేట చోటు దగ్గరపడగానే మూసి చుక్కని ఆపేలా, పెట్టె మీద తీగతో కట్టి బోర్లించావు. కోస్తున్నప్పుడు డబ్బా పట్టుకున్నది కూడా నేనే. నాలుగు రోజుల్లో జెట్టీలో అన్ని బోట్ల మీదా డబ్బాలు లేచాయి.

ఆ నాలుగు బోట్లలో ఒకటి నడిపే గురునాథరావుకి ఆ చోటు చెప్పింది నేను. డబ్బు కోసం కాదు. తాగి కాదు. పొద్దున్న ఎనిమిదింటికి, టీ కొట్టు దగ్గర. కాలు పోయాక జెట్టీలో నన్ను ఎవరూ ఏమీ అడగరు. కుర్చీ జరిపి కూర్చోమంటారు, అంతే. ఆ రోజు గురునాథరావు నేనింకా బోటు నడుపుతున్నట్టే అడిగాడు. "డ్రైవరు బావా, ఈసారి ఎటు పోమంటావు?" అన్నాడు. పదహారేళ్ళు బోటు డ్రైవరుగా చేసినవాణ్ణి. చెప్పేశాను. ఒడ్డు నుంచి ఎన్ని కోసుల దూరమో లెక్కతో సహా చెప్పాను.

ఇదంతా కాగితం మీద రాసి కోర్టుకి పంపుదామని ఉమాశంకర్ గారిని అడిగాను. ఆయన లాయరుతో ఫోన్లో మాట్లాడి వద్దన్నారు. కావాలని డబ్బా కప్పారని మనమే ఒప్పుకుంటే, దొంగతనంగా రావడానికే కప్పారని అక్కడి జడ్జి అంటాడట. అబద్ధం చెప్పి మిమ్మల్ని అక్కడ పడేశాను. ఇప్పుడు నిజం చెప్పినా మీకే దెబ్బ. ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు.

చిట్టెమ్మకి ఇంకా చెప్పలేదు. నువ్వు ఎలా అంటే అలా చేస్తాను. చార్టుకి రెండో బహుమతి వచ్చింది.

ఎల్లారావు


(అదే కాగితం వెనక, జవాబు)

బావా,

ఉమాశంకర్ గారు పది నిమిషాలే టైముందంటున్నారు. పెన్ను ఆయనదే.

నాకు ముందే తెలుసు. ఆ చోట నాలుగు బోట్లు చూసిన రోజే గురునాథరావు వైర్లెస్‌లో నవ్వాడు. "మీ బావే సెప్పేడు, నన్నేటనీకు" అన్నాడు. కేబిన్లో నేనొక్కణ్ణే విన్నాను. ఒడ్డుకి వచ్చాక నువ్వు పెట్టె అన్నావు. కళాసీలు నీ మొహం చూస్తున్నారు. నువ్వని తెలిస్తే జెట్టీలో కాలు పెట్టనివ్వరు. నీకు ఆ జెట్టీ తప్ప ఇంకేముంది. పెట్టేనని నేనూ అన్నాను. డబ్బా నీకోసం కోశాను. దాని పని అంతవరకే అనుకున్నాను.

ఇంజను ఆగిన వెంటనే పైకెక్కి డబ్బా తీసేశాను. ఆపద బటను నొక్కాను. లైటు రాలేదు. డబ్బా కింద ఉప్పునీళ్ళు చేరి వైరు తినేశాయి. పచ్చగా చిలుము పట్టి ఉంది. ఆరు రోజులు విప్పి, తుడిచి, మళ్ళీ కట్టాను. ఓడలు కనబడ్డాయి. దూరం. చొక్కాలు ఊపాం.

మా వాళ్ళలో ఇద్దరికి దగ్గు పట్టుకుంది. మందులిస్తున్నారు. వాయిదా మళ్ళీ వేశారు. ఎన్నాళ్ళో ఎవరూ చెప్పరు.

నువ్వు ఒక్క పని చెయ్యి. వేట నిషేధం ముగిసి బోట్లు కదిలేలోపు ప్రతి బోటు ఎక్కి ఆ డబ్బాలు తీయించు. ఎందుకని అడుగుతారు. చెప్పాలి. అందరి ముందూ చెప్పాలి. ఇన్నాళ్ళూ నీ పరువు నేను కాశాను. ఇక కాయలేను.

శ్రీసత్యని బాగా చదవమను.

కొండలరావు


జూన్ 15

బావా,

ఇది ఆఫీసు ద్వారానే పంపుతున్నాను. ఎవరైనా చదువుకోనీ. నీ కేసు మాట రాయను, మా జెట్టీ మాటే రాస్తాను.

రేపు రేపనుకుంటూ, చివరికి మొన్న పన్నెండో తేదీన డబ్బాలు తీయడం మొదలుపెట్టాను. కాలు వల్ల నిచ్చెన ఎక్కడం ఆలస్యం. ముందు గురునాథరావు బోటు ఎక్కాను. ఎందుకు తీయాలో, ఎవరు ఏం చెప్పారో, ఎవరికీ కనబడని చుక్కకి మనమంతా ఎందుకు మూత పెట్టుకున్నామో వల కుడుతున్న వాళ్ళందరికీ చెప్పాను. గురునాథరావు తల వంచుకున్నాడు. వెనక నుంచి ఎవరో, "నీ నోటికి బోర్లించవలసింది బోట్లకి బోర్లించినావు గదరా ఎల్లిగా" అన్నారు. కొందరు నవ్వారు. తరవాత మీరు ఏడుగురూ గుర్తొచ్చారేమో, నవ్వు ఆగిపోయింది. నీ కళాసీల్లో ఒకడి తమ్ముడు వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. వాడే వదిలేశాడు.

చిట్టెమ్మ గంపల దగ్గర నిలబడి అంతా విన్నది. మర్నాడు పొద్దున్న సుత్తి, కటింగ్ ప్లేయరూ తెచ్చి నా పక్కన పెట్టి, తను ముందు నిచ్చెన ఎక్కింది. రెండు రోజుల్లో ముప్పై ఎనిమిది బోట్ల మీద తీశాం. పదకొండు పెట్టెలకి వైర్లు పచ్చగా ఉన్నాయి. బాగు చేయించారు. ఇప్పుడు టీ కొట్టు దగ్గర నాకు కుర్చీ ఎవరూ జరపరు. నిలబడే తాగి వస్తున్నాను.

నిషేధం ముగిసి ఈ రోజు తెల్లవారుజామున బోట్లు కదిలాయి. హిమబిందు గారు ఆఫీసులో పెద్ద తెర మీద చూడనిస్తానంటే శ్రీసత్యని తీసుకుని వెళ్ళాను. చుక్కలన్నీ హార్బరు నోట్లోంచి ఒకటి వెనక ఒకటి బయటికి పోతున్నాయి. ఒక్కొక్కటీ ఎవరి బోటో అడిగింది, చెప్పాను. చాలాసేపు వేలు పెట్టి లెక్కపెట్టింది. తరవాత మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"ఒకటి తక్కువుంది మావా" అంది.

అవునన్నాను.

ఎల్లారావు