మా దొడ్లో నీ బల్బులు

మరిది అభిషేక్‌కు,

బుధవారం నంద్యాలలో నీ కొత్త ఎలక్ట్రికల్ షాపు ప్రారంభ ప్రార్థనకు రమ్మన్నావు. మేము రాము. పాత షాపులో జనం తిరిగిచ్చిన మాడిపోయిన సీఎఫ్ఎల్ బల్బులను రీసైక్లింగుకు పంపకుండా, ఆళ్లగడ్డలో మా దొడ్లో గుంట తీయించి పూడ్పించావు. వానకు పైమట్టి కొట్టుకుపోయింది. గడ్డి పీకుతుంటే మీ అన్న అరచేతిలో గాజు దిగి నరం తెగింది. సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కిన ఆ చెయ్యి ఇప్పుడు ఉలి పట్టలేకపోతోంది.

ఆ రోజు నీకు ఫోన్ చేస్తే, "గాజుపెంకే కదా వదినా, దానికేందీ ఇంత రచ్చ చేస్తాండావ్?" అని నవ్వావు. "వాటిల్లో పాదరసం ఉంటాదంట అభీ" అంటే ఫోన్ పెట్టేశావు. మీ అన్నేమో, "తమ్ముడు గదే, ఇడిసిపెట్టు" అంటున్నాడు. నేను విడిచిపెట్టను.

గుంటను మున్సిపాలిటీ వాళ్లకు చూపించాను. బల్బులను డబ్బాల్లో పెట్టి మూసి తీసుకెళ్లారు. బల్బులతో పాటు పూడ్చిన అట్టపెట్టెల మీద నీ షాపు పేరుంటే ఫొటోలు తీసుకున్నారు. నోటీసు ఇవ్వడానికి నువ్వు ఎప్పుడు దొరుకుతావని అధికారులు అడిగితే, ప్రార్థన వేళ చెప్పాను.

ఇది ముందుగా రాయడం జాలితో కాదు. పాస్టరుగారు ప్రార్థిస్తున్నంతసేపూ నువ్వు కళ్లు మూసుకోలేక గుమ్మం వైపే చూస్తుండాలి.

మీ వదిన