రెండో కారు

ఎర్రమఠంపాడు,
నందికొట్కూరు తాలూకా,
8-4-1955

చిరంజీవి తమ్ముడు తిమ్మయ్యకు,

నీ అక్క మహాదేవమ్మ తల నిమిరి రాసే జాబు. ఇక్కడ అంతా క్షేమమని రాయడం నాకిక చేతకాదు. మీ బావ పోయిన తరువాత ఆ మాట రాయబోతే చెయ్యి ఆగిపోతున్నది.

నీవు మద్రాసులో కార్ల షాపులో ఉన్నావు కాబట్టి ఒక సంగతి అడుగుతున్నాను. సుంకిరెడ్డి మీ షాపులోనే కొత్త కారు బుక్ చేశాడని ఊరంతా చెప్పుకుంటున్నారు. అది ఏ కారు? ఏ రంగు? కర్నూలుకు ఎప్పుడొస్తుంది?

మీ బావ షెవర్లే గుర్తుందా? నీవే దగ్గరుండి కొనిపించావు. దాని చప్పుడు అల్లంత దూరాన వినబడితే చాలు, కల్లంలో కొర్రలు తూర్పారపట్టే ఆడవాళ్లు తలెత్తకుండానే "రెడ్డి వస్తాండాడు" అనేవాళ్లు. అలాంటి చప్పుడు జిల్లాలో మరో కారుకు లేదని ఆయన మీసం దువ్వుకునేవాడు. ఆ గొప్పే ఆయన్ను తినేసింది. ఊరి బయటి ఇసక వంకలోకి దిగేచోట ఏ కారైనా నెమ్మదించాల్సిందే. సుంకిరెడ్డి మనుషులు తుమ్మచెట్ల వెనక కూర్చొని, ఆ చప్పుడు విని, బీడీలు ఆర్పి లేచారు. ఎవరిదా అని తొంగిచూసే పని కూడా వాళ్లకు లేకపోయింది. మొదటి బాంబుకు అద్దం పగిలింది, రెండోదానికి తలుపు ఊడింది. ఆయన్ను జుట్టు పట్టి బయటికి లాగి వేటకొడవళ్లతో నరికారు. నేను పోయేటప్పటికి హారన్ ఇంకా మోగుతూనే ఉంది. డ్రైవరు తల దానిమీద వాలిపోయి ఉంది. మీ బావ కుడిచెయ్యి కనబడలేదు. ఇసకలో వెతికి వెతికి, నేనే దాన్ని కొంగులో చుట్టుకొని తెచ్చాను. ఈ సంగతి నీకు ఇంతవరకు చెప్పలేదు. కోర్టులో ప్రతి సాక్షీ "నేను సూల్లేదు సామీ" అన్నాడు. కేసు పోయింది.

వెంటనే జవాబు రాయి.

నీ అక్క,
మహాదేవమ్మ

*

మద్రాసు,
14-4-1955

నన్ను చంకన వేసుకొని పెంచిన అక్కకు,

తిమ్మయ్య నమస్కరించి రాస్తున్నాను. బావ చెయ్యి సంగతి చదివి ఆ రోజు షాపుకు పోలేకపోయాను. ఇంత బరువు ఒక్కదానివే ఎందుకు మోశావక్కా?

కార్ల సంగతి అడిగావు, ఉన్నదున్నట్టు చెబుతాను. మా వ్యాపారం తలకిందులైంది. అమెరికావాళ్లు ఓడల్లో భాగాలు తెచ్చి బొంబాయిలో కార్లు బిగించి అమ్మేవాళ్లు కదా, వాళ్లు మూటాముల్లె సర్దుకొని పోయారు. భాగాలు కూడా ఇక్కడే తయారు చేసేటట్టయితే ఉండండి, లేదంటే మీ దారి చూసుకోండి అని ఢిల్లీ సర్కారు తేల్చి చెప్పింది. మన దేశం మన కారు మనం చేసుకోవాలనడం మంచిదే, నేనేమీ కాదనను. కానీ షెవర్లే, డాడ్జి, ప్లిమత్ వరసగా నిలబడిన మా అద్దాల గది ఇప్పుడు చూస్తే పెళ్లివారు వెళ్లిపోయిన పందిరిలా ఉంది. మాకు మిగిలింది కలకత్తాలో తయారయ్యే కారు ఒక్కటే. బొంబాయిదీ, మద్రాసుదీ ఉన్నాయి గానీ వాటి షాపులు వేరు. కారు గట్టిదే, మన గుంతల రోడ్లకు తట్టుకుంటుంది. అయితే కొనడానికి వచ్చినవాడు పేరు రాయించుకొని నెలల తరబడి కాచుకోవాలి, వచ్చిన రంగు తీసుకోవాలి. వేరే రంగు లేదా అని ఎవరైనా అడిగితే మా మేనేజరు నవ్వుతాడు. కర్నూలు రాజధాని అయినాక అక్కడి ఆఫీసర్లకు, డాక్టర్లకు, కంట్రాక్టర్లకు మేం పంపినవన్నీ బూడిదరంగువే. ముఖం ఒకటే, చప్పుడు ఒకటే, హారన్ ఒకటే. బావలాగా తన కారు చప్పుడు విని మురిసిపోయే కాలం అయిపోయిందక్కా. ఇకమీదట డబ్బంతా డీజిల్ లారీల్లోనే ఉందని, ప్రైవేటు బస్సుల్ని సర్కారు ఎప్పుడో మింగేస్తుందని మా షాపులో రోజూ వాదనలే.

సుంకిరెడ్డిదీ ఆ కారే, ఆ రంగే. నెలాఖరుకు రైల్లో కర్నూలు చేరుతుంది.

అడిగినందుకు చెప్పాను. కానీ కారు మీద మనసున్నవాళ్లు ధర అడుగుతారు, గ్యాలన్‌కు ఎన్ని మైళ్లు పోతుందని అడుగుతారు. నీవు రంగు అడిగావు, ఎప్పుడొస్తుందని అడిగావు. ఎందుకో నాకు అర్థమైంది. వద్దక్కా. నీ కాళ్లు పట్టుకుంటాను.

నీ తమ్ముడు,
తిమ్మయ్య

*

ఎర్రమఠంపాడు,
19-4-1955

చిరంజీవి తిమ్మయ్యకు,

వద్దని రాయడం నీకెంత తేలికరా! మద్రాసులో ఫ్యాను కింద కూర్చొని ఎవరైనా రాస్తారు. ఇసకలో చెయ్యి వెతికింది నీవు కాదు.

నీకు అర్థమైందన్నావు కదా, ఇక దాచేదేముంది. కొత్త కారు తెచ్చినవాడు దాన్ని ఊళ్లోకి తోలకముందే సుంకులమ్మ గుడి ముందర పొట్టేలును కోసి, ఆ నెత్తురు నాలుగు చక్రాలకూ పూయడం మన దిక్కు ఆచారం. సుంకిరెడ్డి మే మూడో తేదీ మంగళవారం పెట్టుకున్నాడు. బలికి పోయే కారులో యజమాని ఉండి తీరాలి కాబట్టి కర్నూలు నుంచి వాడే స్వయంగా అందులో కూర్చొని వస్తాడు. మా వంక దాటితేగానీ గుడికి దారి లేదు. గుడి చేరేలోపలే ఆ చక్రాలకు నెత్తురు పడుతుంది, పొట్టేలుది కాదు.

మా సేద్యం చూసుకునే హనుమన్న నీకు తెలుసు కదా. మీ బావ పోయిన రోజు వాడు జ్వరంతో పడుకొని, కారులో వెంట పోలేదు. అప్పటినుంచి మా ఇంట్లో అరుగెక్కి కూర్చోడు. మొన్న నేను విషయం ఎత్తితే, "ఆయప్ప కూడు తిన్న పానం గదమ్మా ఇది. నువ్వు ఊ అను, సాలు" అన్నాడు. నేను ఊ అన్నాను.

కార్లన్నీ ఒకటేనని రాశావు. కానీ మా మట్టిరోడ్డు మీదికి ఆ రోజు వచ్చే బూడిదరంగు కారు ఒక్కటే. సుంకిరెడ్డి చెయ్యి కూడా వాని పెండ్లాం ఇసకలో వెతుక్కోవాలి. అది చూసేదాకా నాకు అన్నం సహించదు.

మహాదేవమ్మ

*

మద్రాసు,
28-4-1955

అక్కకు నమస్కారం.

ఎక్కువ రాయను. షాపువాళ్లు నాకొక కారిచ్చి కర్నూలు పంపుతున్నారు. అక్కడ ఆఫీసర్లకు చూపించి, మే మూడు, మంగళవారం పొద్దున కర్నూల్లో బయలుదేరి నీ దగ్గరికి వస్తాను. అదే కలకత్తా కారు, అదే బూడిదరంగు. ముందుసీట్లో నేనే ఉంటాను. నేను ముందొస్తానో, సుంకిరెడ్డి ముందొస్తాడో నాకు తెలియదు. వచ్చే కారు ఎవరిదో హనుమన్న ఎలా పోల్చుకుంటాడో వాణ్నే అడుగు.

నీ చేత పెరిగిన ప్రాణం. నీ ఇష్టం.

తిమ్మయ్య

*

ఎర్రమఠంపాడు,
6-5-1955

తిమ్మా,

నీ ఉత్తరం మంగళవారం పొద్దెక్కినాక చేతికొచ్చింది. హనుమన్న అప్పటికే వంకకు పోయాడు. చదివిన కాగితం అక్కడే పడేసి, చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాను. ఇసక పెనంలా కాలుతోంది. వంకలోకి దిగేసరికి అవతలి గట్టు మీద దుమ్ము లేచింది. చప్పుడు విన్నాను. ఎంత చెవి పెట్టినా అది నీదో వానిదో తెలియలేదు. ముందద్దం మీద ఎండ పడి లోపలి మనిషి కనబడలేదు. తుమ్మచెట్టు చాటునుంచి హనుమన్న లేచి బాంబు పట్టిన చెయ్యెత్తాడు.

"వద్దు హనుమా! మా తమ్ముడు, మా తమ్ముడు!" అని అరుస్తూ కారుకు అడ్డం పోయి నిలబడ్డాను.

వాడు చెయ్యి దించాడు. కారు నా కాళ్ల ముందర ఆగింది. అందులోంచి దిగింది సుంకిరెడ్డి.

వాడు నన్ను చూశాడు, హనుమన్న చేతిలోది చూశాడు, అంతా అర్థమైంది వానికి. వెనకసీట్లోంచి వాని మనుషులు ముగ్గురు కొడవళ్లతో దూకారు. బాంబు వేస్తే నేనూ పోతానని హనుమన్న దాన్ని దూరంగా వంకలోని నీళ్ల గుండంలోకి విసిరేసి, వట్టి చేతులతో నిలబడ్డాడు. మొదటి వేటు భుజం మీద పడింది. రెండోది పొట్టలో. నేను అడ్డం పడితే జుట్టు పట్టి అవతలికి ఈడ్చారు. వాడు ఒక్కసారి కూడా అరవలేదు. సుంకిరెడ్డి నా దగ్గరికొచ్చి, "నీ పుణ్యాన బతికినా మహాదేవమ్మా. నిన్నేం సెయ్యన్లే, ఇంటికి పో" అన్నాడు. పోయి కార్లో కూర్చొని, ఆ నెత్తుటి మడుగు మీదుగానే పోనివ్వమని డ్రైవరుకు చెప్పాడు. నాలుగు చక్రాలూ తడిసేదాకా ముందుకూ వెనక్కూ నడిపించాడు.

హనుమన్నకు ఇంకా ఊపిరి ఉంది. తల నా ఒళ్లో పెట్టుకొని, పొట్టకు నా కొంగు అదిమిపట్టి రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాను. "మా తమ్ముడు కారు తీసుకొని వస్తాండాడు హనుమా. కర్నూలు ఆస్పత్రికి పోదాం, ఓర్సుకో" అన్నాను. "వస్తాండాదా అమ్మా?" అన్నాడు. "వస్తాండాది" అన్నాను. కాసేపాగి మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. దుమ్ము లేచినప్పుడల్లా నీవేననుకొని లేవబోయాను. ఒకసారి గొర్రెలమంద వచ్చింది, ఒకసారి వట్టి సుడిగాలి. వాని ఊపిరి ఆగినా నేను రోడ్డును చూడడం మానలేదు. ఏ కారూ రాలేదు.

మరునాడు మీ షాపుకు తంతి కొట్టించాను. తిమ్మయ్య షాపులోనే ఉన్నాడు, ఈ మధ్య ఊరు దాటలేదని జవాబు వచ్చింది.

నిన్ను నేను చంపుకోలేనని నీకు తెలుసు. దాని మీదనే పందెం కాశావు. గెలిచావు. నన్ను హంతకురాలు కాకుండా కాపాడానని నీవు అనుకుంటూ ఉంటావు. నేను ఊ అన్నందుకు పోయి, వద్దన్నందుకు చచ్చినవాడు హనుమన్న. సుంకిరెడ్డి మాట ఇక నా నోట రాదు. ఇంకొకరికి ఊ అనే నోరు నాకు లేదు.

వంకలో నేను "మా తమ్ముడు" అని అరిచింది ఊరంతా పాకింది. నిన్న హనుమన్న పెండ్లాం హంపమ్మ వచ్చింది. తిడుతుంది, మన్ను పోస్తుంది అనుకున్నాను. నా కాళ్ల దగ్గర కూర్చొని, "మీ తమ్మునికి ఏం గాలేదు గదమ్మా?" అని అడిగింది. "ఆ పిల్లోన్ని కాపాడబోయి పోయినాడంటండారు మావోడు. ఆ పిల్లోడు బతికినాడంటే నాకంతే సాలు" అంది.

"బతికినాడు. వంకలో గలాటా జూసి కారు ఎనక్కి తిప్పుకోని పాయె" అని చెప్పాను. నీ అబద్ధానికి నేనే ఇంకో ముక్క అతికాను.

అందుకే నీవు రావాలి. బస్సులో కాదు. మీ షాపు మేనేజరు కాళ్లు పట్టుకుంటావో, ఏం చేస్తావో, ఆ బూడిదరంగు కారే తీసుకొని కర్నూలు మీదుగా రా. వంకలో ఆపు. ఇసకలో మరక ఇంకా ఉంది, అక్కడ దిగి నడువు. తరువాత హంపమ్మ ఇంటి ముందర కారు నిలిపి, ఆమె ముందర నిలబడు. ఆమె నీ ముఖం తడిమి చూసుకోనీ. నా దగ్గరికి రావడం, రాకపోవడం నీ ఇష్టం. ఆమె దగ్గరికి మాత్రం రావాలి.

వస్తాండాదని నేను హనుమన్నతో రెండుసార్లు చెప్పాను.

నీ అక్క,
మహాదేవమ్మ