పాపకు నేర్పిన ప్రార్థన

జూన్ 10, మంగళవారం

డైరీ రాసే అలవాటు నాకు లేదు. పదో తరగతి పరీక్షల తరువాత ఇంత రాసిందే లేదు. మనసులో ఏదున్నా పొద్దున స్నానం చేసి, దేవుడి అలమర ముందు నిలబడి చెప్పుకునేదాన్ని. నాలుగు రోజులుగా అక్కడ నిలబడలేకపోతున్నాను. ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే ఊపిరాడేలా లేదు. మనవరాలి పాత స్కూల్ నోట్‌బుక్‌లో వెనక పేజీలు మిగిలి ఉన్నాయి.

మావాడూ కోడలూ విడిపోయి ఏడాదిన్నర. విడాకులైనా నేను కోడలనే అంటాను, ఇంకో మాట నోటికి రాదు. పాప వారమంతా తల్లి దగ్గర. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా మా దగ్గర. సగం వారం కావాలని మావాడు కేసు వేశాడు. మొన్న శుక్రవారం జడ్జి గారు పాపను చాంబర్‌లోకి పిలిచి, ఎవరి దగ్గర ఉంటావని అడిగారు. ఏడేళ్ల పిల్ల కుర్చీ దిగి, కళ్లు మూసుకుని, చేతులు జోడించి గడగడా అప్పజెప్పిందట. దేవుడా, నన్ను నాన్న దగ్గరే ఉంచు, అమ్మకు మంచి బుద్ధి ఇవ్వు.

ఎవరు నేర్పారమ్మా అంటే, నాన్న వాళ్లింట్లో ఉన్నప్పుడల్లా చెప్తానంది.

తండ్రే పిల్లకు నూరిపోస్తున్నాడని తేల్చేశారు. ఇక వాడు పాపను చూసేది శనివారం రెండు గంటలే, కోర్టులోనే, వాళ్ల కళ్ల ముందు.

నేర్పింది నేను. మావాడిది ఫోన్లు బాగుచేసే షాపు. వాడు మూసి వచ్చేసరికి పాప ప్రార్థనా అన్నమూ అయిపోయేవి. వాడు ఒక్కరోజూ వినలేదు.

జూన్ 11

మావాడు ఫోన్‌లో కోడలిని తిడుతుంటే వింటూ గిన్నెలు తోమాను. తోమిన గిన్నెలే మళ్లీ తోమాను.

జూన్ 14, శనివారం

కోర్టులో పిల్లల గది. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, చక్రం ఊడిన కారు, సగం ముక్కలు పోయిన పజిల్. మూలన కౌన్సెలర్ అమ్మాయి రిజిస్టర్ పట్టుకుని కూర్చుంది. మావాడు కూతురిని దగ్గరికి తీసుకోవాలన్నా ముందు ఆమె మొహం చూస్తున్నాడు.

పాప నా చెవిలో గుసగుసగా అడిగింది. నానమ్మా, నేను తప్పుగా చెప్పానా, నువ్వు చెప్పినట్టే చెప్పానే అని. కౌన్సెలర్ తలెత్తింది. నేను పాప జడ విప్పి మళ్లీ అల్లడం మొదలుపెట్టాను.

నలభై రోజుల పిల్లప్పటి నుంచి ఈ చేతులతో పెంచాను.

జూన్ 18

మావాడికి తెలియకుండా లాయరు గారి దగ్గరికి వెళ్లాను. మాకు తెలిసినవాళ్ల ఇంట్లో ఇలా జరిగింది, నేర్పింది నానమ్మ అని ఒప్పుకుంటే ఏమవుతుందండీ అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఆ తెలిసినావిడ కూర్చోవచ్చు, నిలబడే ఉన్నారేమిటన్నాడు.

తండ్రికి వారాంతాలు తిరిగి వచ్చే వీలుందట. కానీ ఆ నానమ్మ ఉన్న ఇంట్లో పిల్లను ఉంచనివ్వరట. ఒకసారి సంతకం పెట్టాక వెనక్కి తీసుకోవడం ఉండదమ్మా, బాగా ఆలోచించుకోమనండి ఆవిడను అన్నాడు.

చెప్తే పాప నాకు దూరం. చెప్పకపోతే వాడికి. ఎటు జరిగినా గోడే తగులుతోంది.

జూన్ 21, శనివారం

పాప మాట్లాడడం మానేసింది. ఏం తిన్నావంటే ఏమో. స్కూల్లో ఏం చెప్పారంటే ఏమో. మావాడు నవ్వించాలని కోతిలా గెంతాడు. ముప్పై ఏళ్ల మగాడు, ఆ గదిలో, రిజిస్టర్ ముందు. పాప నవ్వు ఆపుకుని కౌన్సెలర్ వైపు చూసింది. నవ్వితే అదీ రాసుకుంటారనుకుంది కాబోలు.

నోరు తెరిస్తే ఏదో ఒకటి పోతుందని నేర్చుకుంది. అదీ నేను నేర్పిందే.

జూన్ 23, రాత్రి 8

చెప్పేశాను. కౌన్సెలర్ దగ్గర. ఒక్కో మాటా ఆమె రాసింది, నేను చదువుకుని సంతకం పెట్టాను. ఎందుకు నేర్పారు అంది. కోడలి మీద కోపంతోనా అని కూడా అడిగింది. కాదందామనుకున్నాను. కాదని రాలేదు నోట.

మావాడికి ఇంటికొచ్చి చెప్పాను. వాడు స్క్రూడ్రైవర్ తిప్పుతూ కూర్చున్నాడు. ఇన్నాళ్లూ నేను దాన్ని తిడుతుంటే వింటూ ఎలా ఊరుకున్నావమ్మా అన్నాడు. అన్నం తినలేదు.

జూన్ 24

కోడలు ఫోన్ చేసింది. ఏడాదిన్నర తరువాత ఆ గొంతులో అత్తయ్యా అనే పిలుపు. మీరేనని నాకు ఆ రోజే తెలుసు, మంచి బుద్ధి ఇవ్వమని నేను ఆ ఇంట్లో ఉన్నప్పుడూ నాకు వినబడేలా దేవుడికి చెప్పేవారు కదా అంది.

మరి ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను. చెప్తే మిమ్మల్ని పాప దగ్గరికి రానివ్వరని అంది. మళ్లీ తనే, ఊరుకోవడం నాకూ కలిసొచ్చింది, అబద్ధం ఎందుకు అంది.

ఆ పిల్ల ఎప్పుడూ ఇంతే. ఉన్నమాట మొహం మీద అనేస్తుంది. ఇన్నేళ్లూ దాన్నే పొగరనుకున్నాను.

జూలై 4

ఆర్డర్ వచ్చింది. మావాడికి శుక్రవారం నుంచి ఆదివారం. ఆ రోజుల్లో నేను ఇంట్లో ఉండకూడదు. ఆరు నెలల తరువాత మళ్లీ చూస్తారట.

శనివారాలు షాపు మూసేస్తానన్నాడు. జడ వేయడం రాదు వాడికి. పాత తువ్వాలు మూడు పాయలుగా చీల్చి, తలుపు గొళ్లానికి కట్టి నేర్పాను. మూడోసారికి వచ్చింది. నాతో ఇంకా సరిగ్గా మాట్లాడడం లేదు.

జూలై 12, శనివారం

చెల్లెలింట్లో ఉన్నాను. పాప మా ఇంట్లో, వాళ్ల నాన్న దగ్గరుంది.

మావాడు ఫోన్ చేశాడు. నానమ్మ ఏదని నాలుగుసార్లు అడిగింది, ఏం చెప్పమంటావన్నాడు. మోకాళ్లకు వైద్యం చేయించుకోవడానికి వెళ్లిందని చెప్పమన్నాను.

నా మోకాళ్లు బాగానే ఉన్నాయి.

ఈ పుస్తకం ఎవరి చేతికొచ్చినా పారేయకండి, దాచండి. పాపకు మాత్రం చూపించొద్దు, పెద్దయ్యాక కూడా. ఆ రోజు జడ్జి గారి ముందు తను అన్న మాట వల్లే నేను ఇల్లు వదిలానని తనకు తెలియకూడదు.