మంటల్లో తాళం తప్పిన రేడియో

మార్చి 4

వదినకు,
నీ ఆడపడుచు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆరోగ్యంగా ఉన్నాం, అంతే. పాప మళ్లీ బడికి వెళ్తోందని విని కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

విచారణ కమిటీ అన్న గురించి రాసిన వాక్యం నీకూ నాకూ కంఠతా వచ్చేసింది. బయటికి రమ్మన్న ఆదేశాన్ని పాటించక, మండుతున్న గోదాము పైఅంతస్తులోనే ఉండిపోయాడట. ఇన్నేళ్లు ఫైర్‌మన్‌గా నిప్పుతో కాపురం చేసి, ఆ నిప్పులోనే పోయిన మనిషికి చివరికి దక్కిన మాట అది. ఆ ఉదయం మీ ఇద్దరికీ మాటామాటా పెరిగిందనీ, ఇంటికి రాబుద్ధి కాక ఆగిపోయాడేమోననీ నువ్వు నా భుజం మీద పడి ఏడ్చావు. రేడియోలో బయటికి పిలిచింది ఆయన విన్నాడో లేదో అదొక్కటి కనుక్కుని చెప్పమన్నావు.

అందుకే ఫైర్ స్టేషన్ ఆఫీసరును బతిమాలి, అన్న వాడిన రకం రేడియోలే మూడు మా ల్యాబుకు తెచ్చుకున్నాను.

నేను ఫేజ్ లాక్డ్ లూప్ సర్క్యూట్లు డిజైన్ చేస్తానంటే, తాళాలు చేసుకుని బతుకుతున్నావన్నమాట అని అన్న వెక్కిరించేవాడు. ఒక రకంగా తాళమే వదినా, పాటకు వేసే తాళం. రేడియో లోపల చిన్న స్ఫటికం ఒకటి నిక్కచ్చిగా తాళం వేస్తూ ఉంటుంది. సర్క్యూట్ దానితో కలిసి పాడాలి. తప్పితే సర్దుకోవాలి. సర్దుకోవడంలో మరీ తొందరపడితే ముందుకు దూకుతుంది, దిద్దుకోబోయి వెనకబడుతుంది, ఆ ఊగులాట ఇక ఆగదు. మరీ నిదానిస్తే, అది అందుకునేలోగా అవతలివాడి మాట సగం పోతుంది. త్వరగా కుదరాలి, కుదిరాక నిలవాలి. ఈ రెంటికీ ఒకదానితో ఒకటి పడదు. వాటి మధ్య రాజీ కుదర్చడమే నా ఉద్యోగమంతా.

మాట్లాడే బటన్ నొక్కి వదిలిన ప్రతిసారీ ఈ రేడియో కొత్తగా తాళం అందుకోవాలి. బల్ల మీద పెట్టి చూశాను. రెప్పపాటులో అందుకుంది. ముచ్చటేసింది కూడా. కానీ అందుకునేముందు, కొలిచే పరికరం తెర మీద గీత నాలుగైదు సార్లు ఊగింది. ఆ ఊగు నాకు నచ్చలేదు. తర్వాత వేడి పెట్టెలో పెట్టాను. మేం పరికరాలను కాల్చి చూసే పొయ్యి అది. వేడి ఎక్కేకొద్దీ ఊగును అణిచే లోపలి కెపాసిటర్ సత్తువ తగ్గింది, ఊగు పెరిగింది. చివరికి గీత నిలబడనే లేదు. అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంది. స్పీకర్లో ఉత్త హోరు. మూడు రేడియోలదీ ఇదే వరస. ఆ వేడిలో అన్నకు ఏ పిలుపూ వినిపించి ఉండదు.

కమిటీ పెద్దనూ, రేడియో కంపెనీ ఇంజనీరునూ పిలిపించి ఇదంతా చూపించాను. ఎవరి రేడియో అందరికంటే త్వరగా లాక్ అయితే వాళ్లవే కొంటామని ఫైర్ శాఖ వాళ్లన్నారనీ, అందుకని తొందరగా సర్దుకునేలా లూప్‌ను బిగించామనీ ఇంజనీరు చెప్పాడు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని అంటారు కదా, ఈ పాలు మా అన్న తాగాడు. వేడిలో పరీక్షించారా అని అడిగితే, గది వేడిలో చేశామన్నాడు.

“ఇది గదిలో వాడేది కాదు కదండీ,” అన్నాను.

అతను కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కుర్రవాడేం కాదు, ఇల్లూ పిల్లలూ ఉన్నవాడే. నాకు అరవబుద్ధి కాలేదు.

ఆ రేడియోలన్నీ వెనక్కి తీసుకుంటున్నారు. ఆదేశం అన్నకు అందలేదని నివేదిక తిరగరాస్తామని కమిటీ పెద్ద నాతో అన్నాడు. ఇక ఎవరూ ఆయన్ని మొండివాడనరు. నువ్వు వేళకు తిను. పాపకు ముద్దులు.

నీ ఆడపడుచు

తా.క. మార్చి 7. ఉత్తరం కవరులో పెట్టి అతికించబోతుంటే పొడుగాయన వచ్చాడు, అన్న జోడీగా లోపలికి వెళ్లినతను. రేడియోల సంగతి తెలిసి వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు. పొగలో ఇద్దరం విడిపోయామని కమిటీకి చెప్పింది అబద్ధమట. తను మెట్ల దగ్గర, కాస్త చల్లని చోట ఉండడంతో తన రేడియో పలికింది. వెంటనే పైకి వెళ్లి అన్న చెయ్యి పట్టుకుని లాగాడట.

“అందర్నీ దిగిపొమ్మంటున్నారు, పద అన్నానమ్మా. ‘ఆ గదిలోంచి ఎవరో కొడుతున్నారు, నువ్వు దిగు, నేను చూసొస్తా’ అన్నాడు. నేను దిగిపోయాను.”

ఒంటరిగా ఎందుకు దిగావని అడుగుతారని భయపడి ఇన్నాళ్లూ నోరు మెదపలేదట. ఆ గదిలో ఎవరూ లేరని తర్వాత తేలింది, నీకూ తెలుసు. వేడికి గొట్టాలు పగులుతున్న చప్పుడై ఉంటుంది.

రేడియో చెడ్డదన్నది నిజం. కానీ పిలిచిన సంగతి అన్నకు తెలుసు వదినా. నీ మీద కోపంతో ఆగలేదు. ఎవరో ఉన్నారనుకుని ఆగాడు.

ఈ ముక్క రాయకుండా కవరు అతికించేద్దామనే అనుకున్నాను. పొడుగాయన సోమవారం కమిటీ ముందుకు వెళ్లి ఉన్నదంతా చెప్తానంటున్నాడు. చెప్తే ఆ పాత వాక్యమే మళ్లీ రాస్తారేమో. అయినా అతన్ని ఆపలేకపోయాను. అతనికి తోడుగా నేనూ వెళ్తున్నాను.